తేనె, కలోంజీ, క్యాన్సర్ వ్యాప్తి: పరిశోధన చెప్పిందెంత? మనం విన్నదెంత?

తేనెలో స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్ తెలిపిన సంగతి ముస్లిం గృహాల్లో పసిపిల్లలకు సైతం తెలుసు. కలోంజీ గురించి దైవప్రవక్త (సల్లం) చెప్పిన మాట కూడా అంతే ప్రసిద్ధం. కనుక ఏదో ఒక దేశపు ప్రయోగశాలలో తేనెటీగల జిగురులోని పదార్థం క్యాన్సర్‌ను అరికట్టిందనో, కలోంజీ నూనె కణితి వ్యాప్తిని ఆపిందనో వార్త చదివినప్పుడు మనకు సంతోషం కలగడం సహజమే. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. అయితే ఆ వార్తను నమ్ముకొని, డాక్టరు ఆపరేషనుకు ఇచ్చిన తేదీని దాటవేసి, నాలుగు నెలల తరువాత ఆసుపత్రికి వచ్చేవారు కూడా మన మధ్య ఉన్నారు. ఆ నాలుగు నెలల్లో వ్యాధి ఒకచోటి నుండి నాలుగు చోట్లకు పాకి ఉంటుంది. అందుచేత ఈ పరిశోధనలు నిజంగా ఏమి చెప్పాయో, ఎంతవరకు చెప్పాయో నిదానంగా తెలుసుకోవడం అవసరం.

శాస్త్ర పత్రికల్లో ఈ విషయమై తరచుగా కనిపించే ఇంగ్లీషు మాట ‘ఇన్‌హిబిట్’. దీనిని తెలుగులో ‘నిరోధించు’, ‘అడ్డుపడు’ అనాలి. ఆ మాటే వార్తాపత్రికకు చేరేసరికి ‘అరికట్టు’ అవుతుంది. చేతినుండి చేతికి పంచుకునే కరపత్రంలో ‘నయం చేయు’ అవుతుంది. మూల వ్యాసంలో ‘ఎలుకలలో’ అనీ, ‘గాజు పాత్రలో’ అనీ ఉన్న మాటలు దారిలోనే రాలిపోతాయి. అనువాదం చేసేవాడికి మూలంలోని మాట ఒక అమానతు. ప్రాణానికి సంబంధించిన విషయాల్లో ఆ అమానతు మరింత బరువైనది.

వ్యాధి ఎలా పాకుతుంది?

మన పెద్దలు క్యాన్సర్‌ను రాచపుండు అన్నారు. అరబ్బీలోనూ, ఉర్దూలోనూ దీని పేరు సర్తాన్. సర్తాన్ అంటే ఎండ్రకాయ. కణితి చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్ళలా కనిపించడం చూసి గ్రీకు వైద్యులు పెట్టిన పేరుకు అది అరబ్బీ అనువాదం. వెయ్యేళ్ళ క్రితం అందలూసియాలోని కొర్డోబాలో జీవించిన ప్రఖ్యాత శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ ఈ వ్యాధి గురించి ఒక అనుభవసారం వ్రాసి పెట్టారు. కణితి చిన్నదిగా, చేతికి అందే చోట ఉంటే పూర్తిగా కోసి తీసివేయవచ్చని, పాతబడి పెద్దదైతే దానిని ముట్టుకోరాదని, అలాంటి దానిని తాను నయం చేయలేదని, చేసినవారినీ చూడలేదని ఆయన నిస్సంకోచంగా చెప్పారు. పాకక ముందు వేరు, పాకిన తరువాత వేరు అన్న సత్యం ఆయనకు తెలుసు.

నేటికీ ఆ సత్యం మారలేదు. క్యాన్సర్ మరణాల్లో అత్యధిక భాగం మొదట పుట్టిన కణితి వలన కాక, అది ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు, మెదడుకు పాకడం వలననే సంభవిస్తున్నాయి. ఇలా పాకడాన్ని వైద్యులు మెటాస్టాసిస్ అంటారు. 1889లో లండన్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది స్త్రీల వివరాలను పరిశీలించి, వ్యాధి ఎక్కడ పడితే అక్కడ పాకదని, కొన్ని అవయవాలనే ఎంచుకుంటుందని గమనించారు. విత్తనం గాలిలో ఎటు ఎగిరినా తనకు సరిపడే నేల దొరికినచోటనే మొలుస్తుంది గదా, ఇదీ అటువంటిదేనని ఆయన అన్నారు. ‘విత్తనం, నేల’ అనే ఈ పోలిక నేటికీ పరిశోధకులకు దారి చూపుతున్నది.

ఈ ప్రయాణంలో అనేక మజిలీలు ఉన్నాయి. సాధారణంగా మన కణాలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఆ పట్టుకు కావలసిన జిగురులలో ముఖ్యమైనది ఇ-క్యాడెరిన్ అనే ప్రొటీను. క్యాన్సర్ కణం మొదట ఈ పట్టు వదులుతుంది. పిమ్మట తన చుట్టూ ఉన్న పలుచని పొరను కరిగించే ఎంజైములను వదులుతుంది. వీటిని మెటలోప్రొటీనేజులు అంటారు. అలా గండి పెట్టుకొని రక్తనాళంలోకో, శోషరస నాళంలోకో దిగుతుంది. రక్తప్రవాహంలో అత్యధిక కణాలు చనిపోతాయి. బ్రతికిన ఏ ఒకటి రెండో దూరపు అవయవంలో ఆగి, నాళం గోడ దాటి, అక్కడ కాపురం పెడతాయి. కాపురం పెరగాలంటే ఆహారం కావాలి, అందుకు కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటాయి. కొత్త నాళాలు లేకుండా చేస్తే కణితి పెరగలేదనే ఆలోచనను అమెరికా వైద్యుడు జుడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. ఆ ఆలోచన ఆధారంగా తయారైన బెవాసిజుమాబ్ అనే మందు 2004లో అమెరికాలో అనుమతి పొందింది. దూరపు అవయవాలకు పాకిన పెద్దప్రేగు క్యాన్సర్‌కు ఇతర మందులతో కలిపి దానిని ఇస్తారు. అంటే వ్యాప్తిని దారిలోనే అడ్డుకోవాలనే ప్రయత్నం ఊహాగానం కాదు, ఫలితమిచ్చిన మార్గమే.

తేనెటీగలు, మొక్కలు ఇచ్చిన పదార్థాలు

ఇప్పుడు మన విషయానికి వద్దాం. తేనెటీగలు చెట్ల మొగ్గల నుండి, బెరడు నుండి బంకను సేకరించి, మైనంతో కలిపి, పట్టులోని పగుళ్ళు పూడ్చుకుంటాయి. ఈ జిగురు పేరు ప్రొపోలిస్. 1988లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందులో కణితి కణాలపై పనిచేసే ఒక పదార్థాన్ని గుర్తించారు. కెఫేయిక్ ఆమ్లం నుండి ఏర్పడిన ఆ పదార్థాన్ని క్లుప్తంగా ‘కేప్’ అంటారు. కణం లోపల వాపునకు, పెరుగుదలకు సంబంధించిన అనేక ఆజ్ఞలను నడిపే ఎన్.ఎఫ్. కప్పా బి అనే ప్రొటీను ఒకటి ఉంది. పైన చెప్పిన పొరను కరిగించే ఎంజైములు తయారుకావడంలోనూ దానికి పాత్ర ఉంది. ‘కేప్’ ఈ ప్రొటీను పనిని ఆపుతుందని 1996లో తేలింది.

కలోంజీ నూనెలోని ప్రధాన పదార్థం థైమోక్వినోన్. దీనిని 1963లో ఈజిప్టు శాస్త్రజ్ఞుడు అల్‌దఖాఖ్నీ వేరు చేశారు. కణితికి కొత్త రక్తనాళాలు ఏర్పడకుండా ఇది అడ్డుకుంటుందని, ఎలుకలలో ప్రోస్టేటు గ్రంథి క్యాన్సర్ కణితి పెరుగుదలను తగ్గించిందని 2008లో ఒక పరిశోధన ప్రకటితమైంది. పసుపులోని కర్క్యుమిన్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. వ్యాప్తి మజిలీలలో దాదాపు ప్రతి ఒక్కదాని మీద అది పనిచేస్తుందంటూ వందలాది వ్యాసాలు వెలువడ్డాయి. వాటిలో కొన్నింటిని తరువాత పత్రికలే ఉపసంహరించుకున్నాయన్నది కూడా మనం గుర్తుంచుకోవలసిన విషయం. 2020లో పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు తేనెటీగ విషం, అందులోని మెలిటిన్ అనే పదార్థం కొన్ని మొండి రకాల రొమ్ము క్యాన్సర్ కణాలను గాజు పాత్రలో వేగంగా చంపాయని ప్రకటించారు.

ఇవన్నీ నిజమైన పరిశోధనలే. వీటిని తేలికగా తీసిపారేయడం అన్యాయం. కానీ వీటిని చదివే పద్ధతి ఒకటి ఉంది.

మూడు మెట్లు

హదీసు శాస్త్రం చదివినవారికి ఒక అలవాటు ఉంటుంది. మాట ఎంత అందంగా ఉన్నా, అది ఎవరి నుండి ఎవరికి చేరిందో అడగకుండా స్వీకరించరు. వైద్య వార్తకు కూడా ఇటువంటి పరంపర ఉంది. అందులో మూడు మెట్లు ముఖ్యమైనవి: గాజు పాత్ర, జంతువు, మనిషి. ఏ మెట్టు మీద తేలిన విషయం ఆ మెట్టుకే ప్రమాణం.

గాజు పాత్రలో పదార్థాన్ని నేరుగా కణాల మీద పోస్తారు. మనిషి మింగినప్పుడు అది జీర్ణకోశం దాటాలి, కాలేయం దాటాలి, రక్తంలో నిలవాలి, చివరకు కణితిని చేరాలి. కర్క్యుమిన్ ఈ దారిలోనే ఓడిపోతున్నది. అమెరికాలో క్లోమ గ్రంథి క్యాన్సర్ ముదిరిన 25 మందికి రోజుకు 8 గ్రాముల చొప్పున కర్క్యుమిన్ ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. అంత ఇచ్చినా రక్తంలో చేరింది మిల్లీలీటరుకు కొన్ని పదుల నానోగ్రాములు మాత్రమే. గాజు పాత్రల్లో వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఫలితం తేల్చగలిగిన 21 మందిలో ఇద్దరికి మాత్రమే కొంత మేలు కనిపించింది. వారిలో ఒకరికి కణితి బాగా తగ్గినా ఆ తగ్గుదల కొద్దికాలమే నిలిచింది. ఇక ఇంటి లెక్క చూద్దాం. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం ఉంటుంది. 8 గ్రాముల కర్క్యుమిన్ కావాలంటే రోజుకు పావుకిలోకు పైగా పసుపు మింగాలి. పాలలో వేసుకునే చెంచాడు పసుపుకూ, ఈ లెక్కకూ ఎంత దూరమో పాఠకులే ఊహించుకోవచ్చు. 120కి పైగా జరిగిన కర్క్యుమిన్ పరిశోధనలను 2017లో సమీక్షించిన రసాయన శాస్త్రజ్ఞులు, రోగికీ వైద్యుడికీ ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి బిళ్ళ ఇస్తున్నారో తెలియకుండా జరిపే కఠిన పరీక్షలో అది ఒక్కసారీ గెలవలేదని తేల్చారు.

జంతువుల మెట్టు మీద కూడా జాగ్రత్త అవసరం. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో నాదా ఒర్షోలిచ్, ఇవాన్ బాషిచ్, వారి సహచరులు తేనెటీగ ఉత్పత్తుల మీద చిరకాలం పనిచేశారు. ఎలుకలకు కొన్ని రోజులపాటు నోటి ద్వారా తేనె ఇచ్చి, ఆ తరువాత కణితి కణాలను ఎక్కిస్తే ఊపిరితిత్తులకు వ్యాప్తి తగ్గిందని వారు చూపారు. ఎంతో ఆసక్తికరమైన ఫలితం! కానీ క్రమం గమనించండి. తేనె ముందు, కణితి తరువాత. ఆసుపత్రికి వచ్చే మనిషి విషయంలో క్రమం తలక్రిందులు. అతని వద్దకు కణితి ముందే వచ్చేసింది. ఈ పరిశోధన తేనె గురించి మంచి ప్రశ్న లేవనెత్తింది, రోగికి చికిత్స మాత్రం చెప్పలేదు.

ఎలుకలలో గెలిచి మనిషిలో ఓడిన మందులు ప్రకృతి ఉత్పత్తులలోనే ఉన్నాయనుకోకూడదు. 1990లలో పెద్ద మందుల కంపెనీలు పొరను కరిగించే ఎంజైములను ఆపే మందులను తయారుచేశాయి. మారిమాస్టాట్ వాటిలో ఒకటి. ఎలుకలలో అవి చక్కగా పనిచేశాయి. వ్యాధి ముదిరిన మనుషులకు ఇచ్చినప్పుడు ఆయుష్షు పెరగలేదు సరిగదా, కీళ్ళనొప్పులు మిగిలాయి. కోట్ల డాలర్లు వెచ్చించిన మందుకే మూడవ మెట్టు ఇంత కఠినమైతే, పరీక్షించని సీసాడు నూనెకు ఆ మెట్టు దానంతటదే తెరుచుకుంటుందని ఎలా అనగలం?

కలోంజీ విషయంలో మూడవ మెట్టు ఎక్కిన ప్రయత్నం ఒకటి ఉంది. అది ముస్లిం దేశంలో, ముస్లిం వైద్యుల చేతిమీదుగా జరిగింది. సౌదీ అరేబియాలో ఇతర చికిత్సలకు లొంగని ముదిరిన క్యాన్సర్ గల 21 మందికి థైమోక్వినోన్‌ను రోజుకు 75 నుండి 2600 మిల్లీగ్రాముల వరకు ఇచ్చి, ఫలితాన్ని 2009లో ప్రకటించారు. మందు హాని చేయలేదు, కణితిని తగ్గించనూ లేదు. ఆ వైద్యులకు కలోంజీ మీద గౌరవం తక్కువై అలా వ్రాయలేదు. చూసినది చూసినట్లు వ్రాయడమే ఆ గౌరవానికి తగినదని వ్రాశారు.

మొక్క మందుగా మారిన తీరు

దీనిని బట్టి మొక్కల నుండి క్యాన్సర్ మందు రానే రాదని అనుకోరాదు. మన పెరళ్ళలో, దర్గాల ఆవరణల్లో, గోరీల దొడ్లలో విరివిగా పూసే బిళ్ళగన్నేరును చూడండి. దాని ఆకు మధుమేహానికి మంచిదని విని, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరిశోధించారు. చక్కెర తగ్గలేదు గాని, ఎలుకల రక్తంలో తెల్లకణాలు తగ్గిపోయాయి. ఆ గమనిక నుండి 1958లో విన్‌బ్లాస్టిన్ వచ్చింది. అదే మొక్క నుండి అమెరికాలో వేరుచేసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అనుమతి లభించింది. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ చికిత్సలో ఈనాటికీ అది ముఖ్యమైన మందు. కానీ ఆ ఆకు నమిలితే క్యాన్సర్ తగ్గదు, విషం ఎక్కుతుంది. ఒక గ్రాము మందు తీయడానికి ఎన్నో క్వింటాళ్ళ ఎండుటాకు కావాలి. దానిని శుద్ధిచేసి, బిడ్డ శరీర కొలతను బట్టి మిల్లీగ్రాముల లెక్కన, నరంలోకి మాత్రమే ఎక్కించాలి.

పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడు కథ కూడా ఇటువంటిదే. 1962లో బెరడు సేకరించారు. మన్రో వాల్, భారతదేశంలో పుట్టిన మన్సుఖ్ వానీ అందులోని టాక్సాల్ నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. మందుగా అనుమతి వచ్చింది 1992లో. చెట్టు నుండి రోగి మంచం వరకు ముప్పై ఏళ్ళు పట్టింది.

మరొక ఉదాహరణ మన తెలుగువారికి సంబంధించినది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఆకుకూరల్లో పుష్కలంగా ఉండే విటమిను అది. రక్తం పట్టడానికి మేలు చేసే పదార్థం. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ గల పిల్లలకు ఆ కోవకు చెందిన పదార్థాలను ఇచ్చి చూస్తే, వ్యాధి తగ్గడానికి బదులు విజృంభించినట్లు కనిపించింది. అప్పుడు దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం సమకూర్చింది. దానితో పిల్లలలో తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గుముఖం పట్టిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. ఆరోగ్యవంతునికి అమృతం వంటి పదార్థం కూడా క్యాన్సర్ రోగికి కీడు చేయవచ్చునని దీనివలన తెలుస్తున్నది. ‘మంచి ఆహారమే గదా, నష్టమేముంది?’ అనే ప్రశ్నకు ఇది జవాబు.

తేనె నిజంగా చేసే మేలు

క్యాన్సర్ రోగికి తేనె వలన ఏ ఉపయోగమూ లేదా? ఉంది. అది ప్రయోగంలో తేలిన ఉపయోగం. నోరు, గొంతు భాగాల్లో క్యాన్సర్ వచ్చినవారికి కిరణ చికిత్స చేస్తారు. మనవాళ్ళు ‘కరెంటు పెట్టడం’ అనేది దీనినే. ఆ చికిత్సలో నోరంతా పూసి, పుండ్లు పడి, మంచినీళ్ళు మింగడం కూడా కష్టమవుతుంది. ఆ బాధ భరించలేక కొందరు చికిత్స మధ్యలోనే ఆపివేస్తారు. మలేషియాలో 40 మంది రోగులతో జరిపిన పరిశోధన ఫలితాలు 2003లో వెలువడ్డాయి. కిరణ చికిత్సకు ముందు, తరువాత నోటిలో తేనె పట్టించినవారిలో 20 శాతం మందికి మాత్రమే తీవ్రమైన పుండ్లు వచ్చాయి. తేనె వాడనివారిలో 75 శాతం మందికి వచ్చాయి. మరికొన్ని దేశాల్లో కూడా పరీక్షలు జరిగిన మీదట, ఈ రంగంలోని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2020లో ప్రకటించిన మార్గదర్శకాల్లో తల, మెడ క్యాన్సర్‌కు కిరణ చికిత్స పొందేవారి నోటిపూత నివారణకు తేనెను సూచించింది.

ఇందులో తేనె చేసినదేమిటి? కణితిని అది కరిగించలేదు. కణితిని కరిగించే చికిత్సను రోగి చివరివరకు భరించేటట్లు తోడ్పడింది. చికిత్స మధ్యలో ఆగకపోవడమే వ్యాధి తిరగబెట్టకుండా ఉండడానికి ముఖ్యమైన ఆధారం. ఆ విధంగా చూస్తే తేనె సేవ చిన్నదేమీ కాదు.

అయితే ఇక్కడా హద్దులున్నాయి. తేనెలో అయిదింట నాలుగు వంతులు చక్కెరలే కనుక మధుమేహం ఉన్నవారు డాక్టరును అడగాలి. మందుల వలన తెల్లకణాలు బాగా పడిపోయిన రోగికి వడకట్టని పచ్చి తేనె వలన క్రిములు సోకే ప్రమాదం ఉంది. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించనే కూడదు.

గ్రంథాల మాట

ఇంతవరకు చదివినవారిలో కొందరికి ఒక సందేహం కలగవచ్చు: ఇది ఖుర్ఆన్, హదీసుల మాటను తగ్గించడం కాదా? మన విద్వాంసులు ఈ ప్రశ్నను ఎన్నడో విచారించారు.

అన్-నహ్ల్ సూరాలో తేనెటీగ ప్రస్తావన వచ్చినచోట, స్వస్థత అనే అర్థమిచ్చే ‘షిఫా’ పదానికి ముందు ‘అల్’ లేదు. అరబ్బీ వ్యాకరణంలో ఇది నకిరా, అంటే నిర్దిష్టం కాని నామం. ‘అల్’ చేర్చి చెప్పి ఉంటే తేనె ప్రతి వ్యాధికీ మందు అని అర్థం వచ్చేదని, అలా చెప్పనందున తగిన వ్యాధులకు తగిన స్వస్థత అని గ్రహించాలని వైద్యవిషయాలు వ్రాసినవారి అభిప్రాయాన్ని ఇబ్నె కసీర్ తన వ్యాఖ్యానంలో ఉదహరించారు. మృత్యువు తప్ప ప్రతి వ్యాధికీ కలోంజీలో స్వస్థత ఉందన్న హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అందులోని ‘ప్రతి’ అనే మాట రూపంలో సర్వసాధారణమైనా, ఉద్దేశంలో పరిమితమైనదని ఇమాం ఖత్తాబీ వివరించారు. అన్ని గుణాలూ ఒకే మొక్కలో కూడవని ఆయన చెప్పిన కారణం. అరబ్బీ భాషలో ఇది అపూర్వం కాదు. సబా రాణికి ‘ప్రతిదీ’ ఇవ్వబడిందని ఖుర్ఆన్ చెప్పినచోట, ఒక రాజ్యానికి కావలసినవన్నీ అనే అర్థమే మనం తీసుకుంటున్నాం. భిన్నంగా భావించిన విద్వాంసులూ ఉన్నారు. కానీ వారెవరూ కలోంజీ చాలునని, వైద్యుని వద్దకు పోవద్దని చెప్పలేదు.

కడుపు నొప్పితో బాధపడుతున్న సోదరునికి తేనె త్రాగించమని దైవప్రవక్త (సల్లం) ఒక వ్యక్తికి మళ్ళీ మళ్ళీ చెప్పిన సంఘటన మనకు తెలుసు. వ్యాధి బలాన్ని బట్టి మందుకు ఒక కొలత, పరిమాణం ఉండాలన్న సూక్ష్మం ఈ పునరుక్తిలో ఉందని ఇబ్నుల్ ఖయ్యిం వ్రాశారు. నేటి పరిశోధకులు మోతాదు గురించి పడే తపన కూడా అదే. తేనెను ప్రశంసించిన ఆ ప్రవక్తే (సల్లం) ఉబై ఇబ్నె కఅబ్ వద్దకు వైద్యుని పంపారని, ఆ వైద్యుడు నరం కోసి కాల్చి చికిత్స చేశాడని సహీహ్ ముస్లింలో ఉంది. చికిత్స చేయించుకోవాలా అని ఎడారివాసులు అడిగితే చేయించుకోమనే ఆయన ఆదేశించారు. తేనె సున్నతైతే, వైద్యుని పిలిపించడమూ సున్నతే. ఒకదాని పేరుతో మరొకదానిని వదిలివేయడం ఎలా సమంజసం?

వదిలివేస్తే ఏమవుతుంది?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనం దీనికి జవాబిస్తున్నది. రొమ్ము, ప్రోస్టేటు, ఊపిరితిత్తి, పెద్దప్రేగు క్యాన్సర్లు దూరానికి పాకక ముందే బయటపడి కూడా, ప్రామాణిక చికిత్సను కాదని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, అన్ని విధాలా వారిని పోలి ఉండి ఆసుపత్రి చికిత్స పొందిన 560 మందితో వారు పోల్చారు. మొదటి వర్గంలో మరణించే ప్రమాదం రెండున్నర రెట్లు అధికం. రొమ్ము క్యాన్సర్‌లో అయితే అయిదు రెట్లకు పైన. వీరందరూ వ్యాధి పాకక ముందు చికిత్సకు అవకాశం ఉన్నవారేనన్నది గుర్తుంచుకోవాలి. వ్యాప్తిని ఆపుతుందని నమ్మి పట్టుకున్నదే, దారి మళ్ళించి వ్యాప్తికి వ్యవధి ఇచ్చింది.

ఆసుపత్రి చికిత్సతో పాటు రహస్యంగా వాడడంలో కూడా చిక్కు ఉంది. కర్క్యుమిన్ కలిపిన ఆహారం తిన్న ఎలుకలలో సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు రొమ్ము కణితి మీద సరిగా పనిచేయలేదని 2002లో ఒక పరిశోధన చూపింది. వంటలో వేసే పసుపుకు ఈ భయం అక్కరలేదు. మాత్రలుగా, సారాలుగా మింగేవాటి సంగతి మాత్రం డాక్టరుకు చెప్పి తీరాలి.

సరుకు విషయంలోనూ జాగ్రత్త కావాలి. మన దుకాణాల్లో ‘నల్ల జీలకర్ర’ అని అడిగితే ఒకచోట కలోంజీ ఇస్తారు, మరొకచోట బిర్యానీలో వేసే షాజీరా ఇస్తారు. రెండూ వేర్వేరు మొక్కల గింజలు. థైమోక్వినోన్ పాలు నేలను బట్టి, నూనె తీసిన పద్ధతిని బట్టి ఎంతో మారుతుంది. ప్రొపోలిస్ కూడా అంతే. తేనెటీగలు ఏ చెట్టు బంక తెస్తే అందులో ఆ పదార్థాలే ఉంటాయి. పాప్లార్ చెట్లున్న దేశాల జిగురులో దొరికే ‘కేప్’ కోసం బ్రెజిల్ ఆకుపచ్చ జిగురులో వెతికితే లాభం లేదు, అందులో ప్రధానమైనది ఆర్టిపిలిన్ సి అనే వేరే పదార్థం. సీసా మీది పేరు ఒక్కటే అయినంత మాత్రాన లోపలి సరుకు ఒక్కటి కాదు.

కాబట్టి ఇకమీదట ఇలాంటి వార్త చేతికి వచ్చినప్పుడు పాఠకులు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మనవి. ఇది గాజు పాత్రలో జరిగిందా, ఎలుకలోనా, మనిషిలోనా? ఎంత మోతాదు, ఏ దారిన ఇచ్చారు? ఎంతమందికి ఇచ్చారు, ఇవ్వనివారితో పోల్చారా? చివరకు రోగి ఎక్కువ కాలం బ్రతికాడా, లేక కణం కదలిక తగ్గిందని మాత్రమే చెప్పారా? ఈ నాలుగింటికీ జవాబు లేని వార్తను మరొకరికి చేరవేయకుండా ఉండడమే మేలు. విన్న ప్రతి మాటనూ విచారించకుండా చెప్పేయడం గురించి మన ధర్మం ఎంత గట్టిగా హెచ్చరించిందో వేరుగా గుర్తుచేయనక్కరలేదు.

ఒంట్లో తగ్గని గడ్డ, మానని పుండు, కారణం తెలియని రక్తస్రావం కనిపిస్తే ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. అజ్జహ్రావీ చెప్పినట్లు చిన్నదిగా, చేతికి అందే చోట ఉన్నప్పుడే దానిని పట్టుకోవాలి. దస్తర్‌ఖాన్ మీద తేనె, కలోంజీ ఎప్పటిలాగే ఉండనివ్వండి. బిస్మిల్లా చెప్పి శుభంగా సేవించండి. ఆపరేషను తేదీని మాత్రం వాటి కోసం మార్చుకోకండి.